మందు కొట్టని అడవి చెట్టులోకి మందు ఎట్లా చేరుతుంది?

వీడియోలో చూసినట్టు, జీవామృతం కలిపేటప్పుడు 200 లీటర్ల నీటిలో గుప్పెడు గట్టు మట్టి గానీ అడవి మట్టి గానీ వేస్తాం. ధర్మసాగర్ రైతులకు దేవునూరు వైపు ఇనుపరాతి గుట్టలు దగ్గరే. అక్కడ ఎవరూ మందు కొట్టలేదు కాబట్టి ఆ చెట్లలో, ఆ మట్టిలో ఏమీ ఉండదనుకుంటాం. కానీ మందు గాలిలో కూడా ప్రయాణం చేస్తుంది.

డీడీటీ, బీహెచ్‌సీ (మన పెద్దలు చల్లిన గమాక్సిన్ పొడి), ఎండోసల్ఫాన్ లాంటివి ఎండకు ఆవిరై గాలితో పోతాయి, చల్లని చోట దిగుతాయి, వేడెక్కితే మళ్లీ లేస్తాయి. 1960లలోనే అంటార్కిటికా పెంగ్విన్ల కొవ్వులో డీడీటీ దొరికింది. అక్కడ పొలమే లేదు!

ఇవి నీటిలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే ఆకు మీది మైనపు పొర, చెట్టు బెరడు వీటిని పట్టుకుంటాయి. ఆకు రాలినప్పుడు ఆ భారం నేలకు దిగుతుంది. బెరడు మాత్రం ఏళ్ల తరబడి కూడబెడుతుంది. 1995లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు సిమోనిచ్, హైట్స్ ప్రపంచంలో 90 చోట్ల చెట్ల బెరడులో 22 రకాల రసాయనాలు వెతికారు. తేలికగా ఆవిరయ్యే హెక్సాక్లోరోబెంజీన్ (ఒకప్పటి విత్తనశుద్ధి మందు) చల్లని ప్రాంతాల వైపు పేరుకుంది. ఎండోసల్ఫాన్ లాంటివి ఎక్కువగా వాడిన ప్రాంతాల దగ్గరే ఆగాయి. మనకు పనికొచ్చే సంగతి ఈ రెండోదే.

ఓరుగల్లు పత్తి చేలకు మందుల సంగతి కొత్త కాదు. మన దేశంలో సాగుకు డీడీటీని 1989లో, బీహెచ్‌సీని 1997లో ఆపారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఆపినా డీడీటీ నేలలో ఏళ్లకేళ్లు ఉంటుంది.

గుప్పెడు అడవి మట్టికి భయపడకండి, 200 లీటర్లలో అదెంత? ఆచ్ఛాదనకు బండ్ల కొద్దీ తెచ్చే ఆకు దగ్గరే జాగ్రత్త కావాలి. పక్క చేనులో పత్తికి మందు కొడితే, గట్టు మీది వేప, గ్లిరిసీడియా ఆ తుంపరను ముందుగా పట్టుకుంటాయి. ఆ వరుసను కొట్టేయొద్దు, అది మన చేనుకు కంచె. ఆ ఆకును మాత్రం కషాయానికి, ఆచ్ఛాదనకు, మేకల మేతకు వాడొద్దు, లోపలి చెట్ల ఆకు కోయండి. పక్క రైతు మందు కొట్టే రోజు ముందే అడిగి తెలుసుకోండి, ఆ రోజు పశువులను ఆ గట్టు వైపు తోలకండి.