నగరంలో ఇల్లు: ఒక దళారి అనుభవాలు

ఇండ్ల బేరాలు కుదిర్చేవానికి సమాజంలో చెప్పుకోదగిన గౌరవం లేదు. దళారి అన్న మాటలోనే కొంత చులకన ధ్వనిస్తుంది. అయినా హైదరాబాదులో ఇరుగుపొరుగు ఎట్లా ఏర్పడుతుందో గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు అతడే. ముప్పది సంవత్సరాలకు పైగా ఆ పని చేసినవాడినిగా, విద్యార్థి మిత్రులకు ఉపకరించగలదన్న ఆశతో నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని బలిగొన్నది. ఆ విపత్తు తరువాత, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, సామాన్యులకు ఇండ్లు కట్టించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. నగరం నది దాటి విస్తరించింది. పాతబస్తీ దేవిడీలు వారసుల మధ్య పంపకమై, దీవాన్‌ఖానాలో ఒక కుటుంబం, జనానాలో మరొకటి చేరి, వీధి వైపు భాగం మల్గీలుగా మారింది. అటువంటి ఇంటిని అమ్మించడం ఎంత కష్టమో చెప్పనలవి కాదు. ఒక్క సంతకం కోసం ఎన్ని గడపలు ఎక్కవలసి వచ్చేదో!

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. నూరు రూపాయలు లేక అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు కావలసిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. అయినా బస్తీలలో నోటరీ కాగితం మీద ఇండ్లు చేతులు మారినవి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో యాజమాన్యం సంక్రమించదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీవితకాలపు కష్టార్జితం పెట్టేవారు ఈ ఒక్క సంగతి మరువరాదు.

ఇక నా మనస్సును బాధించే విషయానికి వస్తాను. నగరంలో కలతలు రేగినప్పుడు ధరలు విచిత్రంగా నడుస్తాయి. ఒక గల్లీలో తక్కువ సంఖ్యలో ఉన్న కుటుంబం భయపడి ఇంటిని అయినకాడికి అమ్ముకుంటుంది. తనవారు ఎక్కువగా ఉన్న బస్తీలో అదే కుటుంబం గజానికి హెచ్చు ధర ఇచ్చి చిన్న ఇల్లు కొంటుంది. భయం వల్ల రెండు చోట్లా వారికే నష్టం. దళారికి రెండు చోట్లా కమీషన్. నేనూ తీసుకున్నాను.

అద్దె ఇంటి సంగతి మరొక రకం. ఒకనాడు ఒక యువ ఉర్దూ ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. యజమాని అద్దె సంగతి ఎత్తకముందే పేరు అడిగారు. పేరు విని, “ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ” అన్నారు. టు-లెట్ పలక ఇంకా గేటుకు వ్రేలాడుతూనే ఉన్నది. ఆ యువకుడు దానిని చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. నది అవతల ఇదే అబద్ధాన్ని మరొక మతస్థునికి నా నోటితోనే చెప్పాను. “మాంసం వండుతారా?” అన్న ప్రశ్న వెనుక కులం దాగి ఉండటమూ ఎరుగుదును.

చట్టం ఇక్కడ అంతగా తోడు రాదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం ప్రభుత్వానికీ, దుకాణాలు, హోటళ్ళు, బావుల వంటి చోట్లకూ వర్తిస్తుంది. ప్రైవేటు ఇంటి గుమ్మం దాకా రాదు. అహమ్మదాబాదులోని ఒక పార్శీ గృహనిర్మాణ సంఘం సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకోవడాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2016 నాటి స్థిరాస్తి చట్టం దళారులను నమోదు చేసుకోమన్నది. అయితే అది కొత్త నిర్మాణాల అమ్మకాలకు సంబంధించినది. పాత ఇంటి అద్దె బేరం దాని పరిధిలోనిది కాదు.

అందువలన కొంతకాలంగా తాళంచెవి తీసుకునే ముందే యజమానికి ఒక మాట చెబుతున్నాను: “అద్దె సక్రమంగా కట్టగలవారిని తీసుకువస్తాను. పేరు మాత్రం ముందుగా చెప్పను.” చాలామంది తాళంచెవి వెనుకకు తీసుకున్నారు. మలక్‌పేటలో ఒక వృద్ధురాలు మాత్రం కొంతసేపు ఆలోచించి, “నీళ్ళ మోటారు వేళకు కట్టేస్తారా, నాయనా?” అని అడిగి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.