షాఫ్టులు చెప్పే లెక్క



నీ ఉత్తరం అందింది. ఆ ఫోర్ వీల్ బండికి ఏబీఎస్ లైటు, ఫోర్ వీల్ లైటు కలిసి వెలిగాయనీ, స్కానర్‌లో సి0035 వచ్చిందనీ, క్లీనర్ సైడ్ ముందు చక్రానికి కొత్త సెన్సార్ వేస్తే పాడేరు ఘాట్ ఎక్కి దిగేలోపే లైటు మళ్లీ వెలిగిందనీ రాశావు. ఇంకో సెన్సార్ తెప్పించనా అని అడిగావు. వద్దు. ఎడమ ముందు చక్రం వేగం తనకి సరిగ్గా అందడం లేదని మాత్రమే కంప్యూటర్ చెబుతోంది. తప్పు సెన్సార్‌దా, వైరుదా, సెన్సార్ చదివే పళ్ల రింగుదా, బేరింగ్‌దా అన్నది దానికి తెలియదు. అది తేల్చడానికే నువ్వున్నావు.

బండి కింద తిరిగే ప్రతిదీ ఇంకోదానికి పళ్లతో కట్టుబడి ఉంటుంది. గేర్ బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకి, అక్కణ్నుంచి ప్రొపెల్లర్ షాఫ్టుకి, క్రౌన్ పినియన్ మీదుగా చక్రాలకి. కాబట్టి ఒక సెన్సార్ చెప్పేది నిజమో కాదో మిగతావాటితో లెక్క కట్టి పట్టుకోవచ్చు. స్కానర్ కోడ్ చూసి మూసేయకు, లైవ్ డేటా తెరిచి కాగితం దగ్గర పెట్టుకో.

245/75 ఆర్16 టైరు ఒక చుట్టుకి దాదాపు 2.4 మీటర్లు పోతుంది. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి సుమారు 140 చుట్లు. క్రౌన్ పినియన్ రేషియో 4.10 అయితే షాఫ్టు 575 దాకా తిరగాలి. టూ హైలోనూ ఫోర్ హైలోనూ గేర్ బాక్స్ అవుట్‌పుట్ కూడా అంతే. లో రేంజ్, అంటే ఫోర్ లో, వేసి, ట్రాన్స్‌ఫర్ కేసు రేషియో 2.48 అనుకుంటే, అదే 20 వేగానికి గేర్ బాక్స్ అవుట్‌పుట్ 1425 దగ్గర ఉండాలి. వేగాన్ని గేర్ బాక్స్ అవుట్‌పుట్ దగ్గర కొలిచే బండిలో ఫోర్ లో స్విచ్ పాడైందనుకో. లో రేంజ్ పడిన సంగతి కంప్యూటర్‌కి తెలియదు. 20లో పాకే బండి స్పీడోమీటర్‌లో 50 చూపిస్తుంది. అక్కడ ఎన్ని స్పీడ్ సెన్సార్లు మార్చినా 50యే చూపిస్తుంది, ఖర్చు మాత్రం ఓనరుది.

మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలిది తక్కువ తిరుగుతాయి కదా, అప్పుడీ లెక్క నిలుస్తుందా అని నీకు అనుమానం రావాలి. నిలుస్తుంది. షాఫ్టు వేగాన్ని రేషియోతో భాగిస్తే వచ్చేది ఆ ఇరుసు మీది రెండు చక్రాల సగటు. ఒకటి 150 అయితే రెండోది 130. ఒక వెనక చక్రం సెన్సార్ పూర్తిగా చచ్చినా, సగటుని రెట్టింపు చేసి బాగున్న చక్రం అంకె తీసేస్తే చచ్చినదాని అసలు వేగం వస్తుంది. ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి గేర్ వేస్తే అది మామూలుకి రెట్టింపు తిరిగేదీ ఇందుకే. కానీ ఆ పని చేయకు. ఫోర్ వీల్ పడి ఉన్నా, డిఫరెన్షియల్ లాక్ పట్టుకున్నా నేల మీది చక్రం బండిని జాకీ మీంచి దూకిస్తుంది. తిప్పి చూడాలంటే నాలుగూ స్టాండ్ల మీద ఉండాలి.

ఇంకో మాట. టూ హైలో ముందు ఇరుసు విడిపోయే బండ్లలో ముందు షాఫ్టు ఆగిపోతుంది. ఆ షాఫ్టు సెన్సార్ సున్నా చూపిస్తే అది నిజమే చెబుతోంది.

నేరుగా ఉన్న రోడ్డు మీద టూ హైలో, నిలకడగా 30లో నడిపించు. పక్కన ఇంకొకరు కూర్చుని నాలుగు చక్రాల అంకెలూ చూడాలి. ఒకటి ఎప్పుడూ రెండు శాతం తేడాగా ఉంటే టైరు చూడు. అరిగిన టైరుకీ కొత్తదానికీ ఆ మాత్రం తేడా ఉంటుంది. బండి ఆగబోయే ముందు ఒకటి ముందే సున్నాకి పడిపోయి, బ్రేక్ పెడల్ కింద గరగరమంటే పళ్ల రింగు దగ్గరో, సెన్సార్ కూర్చునే చోటో తుప్పు పట్టి సందు పెరిగింది. విశాఖ, కాకినాడ సముద్రపు గాలికి తిరిగే బండ్లలో ఇది తరచూ చూస్తావు. చక్రం చుట్టు చుట్టుకీ ఒకసారి సిగ్నల్ తెగితే రింగు పన్ను విరిగినట్టో, రింగు చిట్లినట్టో లెక్క. మామూలు స్కానర్ అంత వేగంగా చూపించలేదు, దానికి ఆసిలోస్కోప్ కావాలి.

నీ బండి ఈ మూడింటిలో ఏదీ కాదనుకుంటా. షెడ్డులో వెలగని లైటు ఘాట్‌లో వెలిగింది. ఘాట్‌లో స్టీరింగ్ ఇటు కొస నుంచి అటు కొసకి తిరుగుతూనే ఉంటుంది, సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. చక్రంతో పాటు వంగే ఆ వైరు లోపల రాగి తెగి, పైన రబ్బరు చెక్కు చెదరకుండా ఉంటుంది. నా అనుమానమంతా దాని మీదే.

మీటర్ పెట్టేముందు సెన్సార్ ఏ రకమో తేల్చుకో. కప్లర్ పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బండి వైపు పిన్నుల్లో వోల్టేజ్ చూడు. బ్యాటరీకి దగ్గరగా వస్తే సాధారణంగా యాక్టివ్ సెన్సార్. ఇది పన్నుకీ ఖాళీకీ 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య కరెంటు మారుస్తుంది. దీనికి ఓమ్స్ కొలవడం దండగ, కొన్నిసార్లు చేటు. రెండో రకం తీగ చుట్టిన పాత కాయిల్. దానికి ఓమ్స్ వేలల్లో వస్తాయి, చక్రాన్ని చేత్తో తిప్పితే ఏసీ వోల్టేజ్ పుడుతుంది. వచ్చిన అంకెని అవతలి చక్రంతో పోల్చు.

హబ్ బేరింగ్ ఈమధ్య ఎవరైనా మార్చారేమో ఓనరుని అడుగు. పళ్ల రింగుకి బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉండే రకమైతే, తిరగేసి బిగించినవాడికి బేరింగ్ చక్కగా తిరుగుతుంది, సిగ్నల్ మాత్రం రాదు. ట్రాన్స్‌ఫర్ కేసు సెన్సార్ ఎప్పుడు విప్పినా మొనకి అంటుకున్నది గుడ్డతో తుడిచి చూడు. మెత్తటి నల్ల పొడి మామూలే. గోటికి తగిలే రేకు ముక్కలు కనబడితే సెన్సార్ సంగతి పక్కన పెట్టి ఆయిల్ దించు.

రేపు కప్లర్ విప్పి, కంప్యూటర్ దాకా రెండు వైర్లకీ కంటిన్యుటీ పెట్టు. తర్వాత సెన్సార్ వైపు వైరుని స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి, చేత్తో వంచి చూడు. కొత్త సెన్సార్‌తో వచ్చిన వైరే తెగదని నమ్మకు, క్లిప్పులన్నీ బిగించావా లేదా అది కూడా చూడు. క్లిప్ వదిలేస్తే టైరు రాసుకుని రెండ్రోజుల్లో కోసేస్తుంది. పాత సెన్సార్ పారేయకు, మీటర్ పెట్టి అది బాగుందేమో చూసి నాకు రాయి.

మీ మావయ్య