శిశు సంరక్షణలో సంఖ్యాశాస్త్రము

రోగిని పరీక్షించువారు వైద్యులు. శుశ్రూష చేయువారు నర్సులు. వేరొక గదిలో కూర్చుండి అంకెలను సరిచూచువారిని మాత్రము రోగులెరుగరు. అయినను, ఒక మందు మేలు చేయుచున్నదా లేదా అని నిర్ణయించుటకు వారి పనియే ఆధారము. పిల్లలకు వచ్చు హెచ్.ఐ.వి., క్యాన్సరు వ్యాధుల విషయమున ఈ సంగతి స్పష్టముగా రుజువైనది.

ఒక శిశువు కోలుకొన్నంత మాత్రమున మందు మంచిదని చెప్పరాదు. మందు లేకున్నను ఆ శిశువు కోలుకొని యుండవచ్చును. కావున పలువురు పిల్లలను, చీట్లు వేసి తీసినట్లు, పక్షపాతము లేకుండ వర్గములుగా విభజించి, వారి స్థితిని పోల్చి చూడవలెను.

దక్షిణాఫ్రికాలో 2005లో ప్రారంభమైన పరిశోధన ఇందుకు నిదర్శనము. హెచ్.ఐ.వి. సోకియు, ఇంకను ఆరోగ్యముగా కనిపించుచున్న 6 మొదలు 12 వారముల వయస్సుగల శిశువులను ఇందులో చేర్చుకొనిరి. 252 మందికి వెంటనే మందులు ప్రారంభించిరి. 125 మందికి, ఆనాటి పద్ధతి ననుసరించి, రోగనిరోధక కణములు తగ్గినపుడు గాని జబ్బు ముదిరినపుడు గాని ప్రారంభింపదలచిరి. మొదటి వారిలో 10 మంది, రెండవ వారిలో 20 మంది మరణించిరి. పైపైన చూచినచో ఒకటికి రెండింతలే. కాని 252లో 10 అనగా నూటికి 4; 125లో 20 అనగా నూటికి 16. పరిశీలనలో గడచిన కాలమును కూడ లెక్కకు తీసికొనగా, వెంటనే మందిచ్చుటచే మరణాపాయము నూటికి 76 వంతులు తగ్గినట్లు తేలినది.

ఇట్టి పరిశోధనలలో మధ్యమధ్య అంకెలను పరిశీలించుటకు ఒక స్వతంత్ర సంఘముండును. 2007 జూన్‌లో ఆ సంఘము ఈ భేదమును గమనించి, పరిశోధన ముగియువరకు వేచియుండక, రెండవ వర్గపు శిశువులకును మందుల అవసరమును వెంటనే పరిశీలింపవలెనని సూచించినది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్.ఐ.వి. సోకిన ఏడాదిలోపు శిశువులందరికిని ఆలస్యము లేక చికిత్స ప్రారంభింపవలెనని సిఫారసు చేసినది.

పిల్లల క్యాన్సరు అరుదైన వ్యాధి. ఒక్క ఆసుపత్రిలో కనిపించు కొలదిమందిని చూచి ఏ నిర్ణయమునకును రాజాలరు. అందుచే మూత్రపిండమున పుట్టు విల్మ్స్ కంతిని గూర్చి అమెరికాలో 1969లో పలు ఆసుపత్రులు ఏకమై పరిశోధన ప్రారంభించినవి. వాని లెక్కలన్నియు ఒక్క గణాంక కేంద్రమునకు చేరుచుండెను. కంతి తొలిదశలోనే ఉన్న రెండేండ్లలోపు పిల్లలకు శస్త్రచికిత్సయు మందును చాలుననియు, కిరణచికిత్సచే అదనపు మేలు లేదనియు అందువలన తెలిసినది. పసిదేహములకు అనవసరపు బాధ తప్పినది.

మన దేశమున క్యాన్సరు రోగుల జనాభా నమోదు 1963లో బొంబాయిలో మొదలైనది. 1981లో భారత వైద్య పరిశోధన మండలి దానిని జాతీయ కార్యక్రమముగా విస్తరించినది.

ఈ కార్యమున తల్లిదండ్రుల పాత్రయు గలదు. బిడ్డ వయస్సును, మందు మానిన దినములను దాచక చెప్పవలెను. చికిత్స కార్డును భద్రపరచి, నిర్ణీత దినమున బిడ్డను తీసికొని రావలెను. మధ్యలో రాక మానిన బిడ్డ కోలుకొన్నదో లేదో ఎవరికిని తెలియదు. అట్టివారు అధికమైనచో లెక్కయే తప్పుదారి పట్టును. హెచ్.ఐ.వి. గలవారి వివరములను గోప్యముగా నుంచవలెనని 2017 నాటి చట్టము శాసించుచున్నది. కావున సంకోచింప పనిలేదు. నేడు ఒక బిడ్డను గూర్చి సరిగా వ్రాసిన అంకె, రేపు మరియొక బిడ్డ ప్రాణమును నిలుపగలదు.