పొరుగువారి పండుగ – మన సాక్ష్యము

పాఠ్యభాగములు: యిర్మీయా 29:4-7, రోమా 14:1-6, 1 కొరింథీయులకు 10:23-33

ఉద్దేశము: మనము నివసించు రాష్ట్రములోని సెలవు దినములు ఎందుకు వచ్చినవో తెలిసికొని, పిల్లలకు చెప్పుట, పండుగలలో పొరుగువారితో ప్రేమగా మెలగుట.



మన ఇంట్లో తెలుగు. మన పిల్లల బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. “రేపు సెలవెందుకు?” అని పిల్లలు అడిగినప్పుడు “అది మన పండుగ కాదులే” అని ఊరకుండుట జవాబు కాదు. ఇది ఎవరి దినము, ఎందుకు వచ్చినది అని మొదట తెలిసికొనవలెను. అంగీకరించుటయైనను, మానుటయైనను ఆ తరువాతనే.

1. రాష్ట్ర దినములు

నవంబరు 1వ తేదీని చూడుడి. కర్ణాటకలో అది రాజ్యోత్సవము. 1956లో ఆ దినమున కన్నడ ప్రాంతములు ఒక్క రాష్ట్రమైనవి. ఆంధ్రప్రదేశ్ కూడ ఆనాడే ఏర్పడినది. యానాంలో అదే తేదీ విమోచన దినము. 1954లో ఫ్రెంచివారు పాలనను భారతదేశమునకు అప్పగించిరి. ఒడిశాకు ఏప్రిల్ 1 (1936), మహారాష్ట్రకు మే 1 (1960) అట్టివే. ఏప్రిల్ 14 డాక్టర్ అంబేద్కర్ గారి జన్మదినము (1891).

ఇవి పూజా దినములు కావు. పిల్లలను సంకోచము లేక సభలకు పంపుడి. చెరలోనున్న ప్రజలు తామున్న పట్టణపు మేలు కోరవలెనని యిర్మీయా వ్రాసెను. తరతరములుగా స్థిరపడిన మనము మరి ఎంతగా కోరవలెను!

2. సంవత్సరాది

ఉగాది తెలుగువారికి, కన్నడిగులకు ఒకే దినము. మరాఠీవారు దానిని గుడి పాడ్వా అందురు. అది చంద్రుని లెక్క గనుక తేదీ ఏటేట మారును. తమిళులకు, ఒడియావారికి సూర్యుని లెక్క గనుక ఏప్రిల్ నడుమ వచ్చును. తమిళనాడు ప్రభుత్వము తెలుగు సంవత్సరాదికి కూడ సెలవిచ్చుచున్నది.

పొరుగువారి పంచాంగమును చూచి నవ్వకుడి. మన ఈస్టరు కూడ మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చు మొదటి పౌర్ణమి వెనుకటి ఆదివారమే కదా.

3. పళ్ళెము ఇంటికి వచ్చినప్పుడు

ఇదే మన సంఘములలో కష్టమైన ప్రశ్న. పౌలు రెండు సంగతులు చెప్పెను: ఎదుట పెట్టినదానిని ఆరా తీయక తినవచ్చును, అది అర్పితమని ఎవరైన తెలిపినచో, ఆ మనిషి మనస్సాక్షి నిమిత్తము మానవలెను. కాబట్టి స్నేహముతో పంపిన పిండివంటను సంతోషముగా పుచ్చుకొనుడి. ప్రసాదమని చెప్పి ఇచ్చినచో చేతులు జోడించి, మెల్లగా మాట చెప్పి మానుడి. తీసికొని చాటున పారవేయుట ప్రేమ కాదు, సత్యమును కాదు. తినిన సహోదరుని తినని సహోదరుడు తీర్పు తీర్చరాదు. క్రిస్మసుకు మీ పళ్ళెము మొదట ఆ ఇంటికే వెళ్ళవలెను.

4. సెలవు లేనివారు

ఉద్యోగికి సెలవు జీతముతో కూడిన విశ్రాంతి. దినకూలికి అది కూలి పోయిన దినము. సెలవునాడు కూటము పెట్టి, కానుక అడుగుటకు ముందు సంఘపెద్దలు ఈ తేడా గమనింపవలెను.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఊరిలో రాబోవు మూడు సెలవులు ఏవి? వాటి కారణములను మీ పిల్లలు చెప్పగలరా?
2. గత క్రిస్మసుకు మీరు ఏ పొరుగింటికి వెళ్ళితిరి?
3. మీ సంఘములో సెలవునాడు కూడ పనికి వెళ్ళువారెవరు? వారికి అనువైన కూటపు వేళ ఏది?