పచ్చి పెంట – టిష్యూ కల్చర్ అరటి: 170 మొక్కలు పోయాక నేర్చుకున్న పాఠం



పోయిన వీడియోలో మాగిన ఎరువును ఆవాలతో పరీక్ష చేసి చూపించాను. అది చూసి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "ఎరువు ఎరువే కదండీ, దానికి కూడా పరీక్ష కావాలా?" అని. కావాలి. ఎందుకు కావాలో నా సొంత నష్టంతోనే చెప్తాను. ఇది చదివి ఆ వీడియో మళ్ళీ ఒకసారి చూడండి, బాగా అర్థమవుతుంది.

జరిగింది ఇదీ

మాది అనంతపురం జిల్లా. నాలుగేళ్ళ కిందట అర ఎకరంలో జి-9 రకం టిష్యూ కల్చర్ అరటి పెట్టాను. ఆరడుగులకు ఒక మొక్క, మొత్తం 600 మొక్కలు. యూరియా, డీఏపీ ఒక్క గింజ కూడా పడకూడదని పట్టుదల. అందుకే గుంటకు ఒక గంప పశువుల పెంట, గుప్పెడు వేప పిండి వేశాను. ఆ పెంట దిబ్బలో పడి రెండు నెలలు కూడా కాలేదు. పారతో తవ్వుతుంటే ఆవిరి వస్తోంది. మా అమ్మ చూసి, "ఒరేయ్, పెంట ఇంకా కాగుతాంది కదరా, అప్పుడే ఎత్తుకుపోతావేంరా" అంది. నేను వినలేదు. మొక్కలు దిగాయి, కూలీలు వచ్చారు, ఇంక ఆగేదెట్లా?

పది రోజులకు ఆకుల అంచులు మాడాయి. ఇరవై రోజులు తిరిగేసరికి 170 మొక్కలు చచ్చిపోయాయి. నర్సరీ ఆయనకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అన్నాను. ల్యాబులో పెంచిన సత్తువ లేని మొక్కలు అంటగట్టావు అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. "అదే లోడులో వచ్చిన మొక్కలు మీ పక్క ఊళ్ళో ఇంకో రైతు పెట్టాడు, ఒకసారి చూసి రండి" అన్నాడంతే.

వెళ్ళి చూశాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. ఆ రైతు వేసింది ఏడాది మాగిన ఎరువు. ఇంటికి వచ్చి చచ్చిన మొక్కలు నాలుగు పీకాను. పెంట తగిలిన వైపు వేర్లు నల్లగా మాడి ఉన్నాయి. ఉత్త మట్టి తగిలిన వైపు ఇంకా ఒకటి రెండు తెల్ల వేర్లు ఉన్నాయి. తప్పు ఎవరిదో అక్కడే తేలిపోయింది.

ల్యాబులో మొక్క ఎలా పెరుగుతుంది

ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. టిష్యూ కల్చర్ అంటే జన్యుమార్పిడి కాదు. మనం పిలక తీసి నాటినట్టే, వాళ్ళు పిలక లోపలి మొవ్వు తీసి నాటుతారు. తేడా ఏమంటే నాటేది మట్టిలో కాదు, గాజు సీసాలో.

మొక్కలోని ఒక్కో కణానికి మళ్ళీ పూర్తి మొక్క అయ్యే శక్తి ఉండవచ్చని, దాన్ని విడిగా పెంచి చూడాలని 1902లో హేబర్లాండ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఆయన చేతిలో అది ఫలించలేదు. 1957లో స్కూగ్, మిల్లర్ అనే ఇద్దరు అసలు కీలకం కనిపెట్టారు. సైటోకైనిన్ ఎక్కువైతే పిలకలు వస్తాయి, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు వస్తాయి. 1962లో మురాషిగే, స్కూగ్ కలిసి మొక్కకు కావలసిన లవణాల మిశ్రమం తయారు చేశారు. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో వాడేది అదే.

ఆ మిశ్రమంలో లీటరుకు సుమారు 30 గ్రాముల పంచదార కలుపుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. సీసాలో మొక్క ఎక్కువగా ఆ పంచదార తిని బతుకుతుంది. ఎండతో సొంతంగా వంట చేసుకోవడం దానికి ఇంకా సరిగ్గా రాదు. లోపల ఎప్పుడూ తేమే కాబట్టి ఆకు మీద మైనపు పొర పలుచగా ఉంటుంది, ఆకు రంధ్రాలు సరిగ్గా మూసుకోవు. అందుకే సీసా నుంచి తీశాక నీడలో, తేమలో కొన్ని వారాలు, తర్వాత సంచుల్లో షేడ్ నెట్ కింద ఇంకొన్ని వారాలు పెంచి గట్టిపరుస్తారు. అప్పుడు మన చేతికి ఇస్తారు.

శుభ్రంగా ఉన్నంత మాత్రాన గట్టిగా ఉన్నట్టు కాదు

సీసాలో సూక్ష్మజీవులు ఉండకూడదు. ఉంటే మొక్క కుళ్ళిపోతుంది. దీనివల్ల మనకు పెద్ద లాభం ఉంది. పిలకతో పాటు వచ్చే నులిపురుగులు, దుంప తొలిచే ముక్కు పురుగు, పనామా తెగులు శిలీంధ్రం ఇందులో రావు. వైరస్ మాత్రం వేరే సంగతి. తల్లి మొక్కలో వెర్రితల వైరస్ ఉంటే పిల్ల మొక్కల్లోకీ వస్తుంది. అందుకే తల్లి మొక్కలను పరీక్షించాలి. దీనికోసమే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూ కల్చర్ మొక్కలకు ధ్రువీకరణ విధానం పెట్టింది. మొక్కలు కొనేటప్పుడు ఆ కాగితం అడిగి తీసుకోండి.

కానీ చెడ్డ సూక్ష్మజీవులతో పాటు మంచివీ పోతాయి. మామూలు పిలక వేరులో, దుంపలో దాని వెంట వచ్చే జీవాలు ఉంటాయి, సీసా మొక్కకు అవి దాదాపు ఉండవు. ఆస్ట్రేలియాలో పొలంలో వేసి చూస్తే టిష్యూ కల్చర్ అరటికి మామూలు పిలకల కంటే పనామా తెగులు ఎక్కువగా సోకినట్టు తేలింది. మొక్క తెగులు లేకుండా వచ్చింది నిజమే, మట్టిలో తెగులు ఉంటే తట్టుకునే తోడు మాత్రం దానికి లేదు. ఆ తోడు మనమే ఇవ్వాలి. ఇచ్చేది మాగిన ఎరువు. నేనేమో దాని బదులు నిప్పులు పోసినట్టు చేశాను.

పచ్చి పెంట ఎందుకు చంపుతుంది

దిబ్బ మొదలైన కొద్ది రోజులకే వేడెక్కుతుంది. 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. ఇది మంచిదే, కలుపు గింజలు, తెగుళ్ళు చాలావరకు చస్తాయి. ఆ వేడి తగ్గాక అసలు మాగడం మొదలవుతుంది. మనం చాలామందిమి ఆ రెండో దశ పూర్తి కాకుండానే ఎత్తేస్తాం.

అట్లాంటి ఎరువు వేరు దగ్గర పడితే నాలుగు రకాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి, అందులోంచి వచ్చే అమ్మోనియా లేత వేరును కాలుస్తుంది. రెండు, గాలి ఆడక కుళ్ళిన చోట ఎసిటిక్ ఆమ్లం లాంటివి పుడతాయి, అవి వేరుకు విషం. మూడు, ఇంకా పని చేస్తున్న సూక్ష్మజీవులు వేరు దగ్గర ప్రాణవాయువును లాగేస్తాయి. నాలుగు, గడ్డి ఎక్కువగా ఉంటే దాన్ని కుళ్ళబెట్టడానికి మట్టిలోని నత్రజనిని కూడా అవే తినేస్తాయి. ముదురు పిలక అయితే దుంపలో నిల్వ ఉన్న బలంతో తట్టుకుంటుంది. సంచి మొక్కకు ఆ నిల్వ ఎక్కడిది?

ఆవాల పరీక్ష

1981లో జుకోని, ఆయన తోటివారు క్రెస్ అనే మొక్క గింజలతో ఎరువు మాగిందో లేదో చూసే పద్ధతి రాశారు. ఆ మొక్క ఆవాల కుటుంబానిదే. అందుకే మన వంటింటి ఆవాలతో చేసుకోవచ్చు.

1. ఎరువు ఒక పాలు, నీళ్ళు పది పాళ్ళు కలిపి ఒక రాత్రి ఉంచి గుడ్డతో వడకట్టండి.
2. రెండు పళ్ళేల్లో తడి గుడ్డ పరిచి ఒక్కోదానిలో 20 ఆవాలు వేయండి. ఒకదాన్ని మంచినీళ్ళతో, రెండోదాన్ని ఎరువు నీళ్ళతో తడపండి. మూత పెట్టి నీడలో ఉంచండి.
3. మూడో రోజు మొలకలు లెక్కపెట్టి, వేరు పొడవు స్కేలుతో కొలవండి. మంచినీళ్ళలోనే 16 కన్నా తక్కువ మొలిస్తే ఆ ఆవాలు పాతవి, వేరేవి తీసుకోండి.

ఇప్పుడు లెక్క. మంచినీళ్ళలో 18 మొలిచి వేరు సగటున 30 మిల్లీమీటర్లు వచ్చింది అనుకుందాం. ఎరువు నీళ్ళలో 15 మొలిచి వేరు 18 మిల్లీమీటర్లు వచ్చింది. మొలకలు 83 శాతం, వేరు 60 శాతం. రెండూ హెచ్చించి నూరుతో భాగిస్తే సుమారు 50. ఈ అంకె 80 దాటితే ఎరువు మాగినట్టు. 50, అంతకు తక్కువ అయితే దాన్ని వేరు దగ్గరికి రానివ్వకండి. మధ్యలో ఉంటే ఇంకో నెల ఆగి మళ్ళీ చూడండి.

దీంతో పాటు మన పెద్దవాళ్ళ పరీక్షలూ మరువకండి. దిబ్బ మధ్యలో చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ఘాటు వాసన పోయి వానకు తడిసిన మట్టి వాసన రావాలి. పేడ, గడ్డి విడివిడిగా కనిపించకూడదు.

ఇప్పుడు నేను చేసేది

మొక్కలు బుక్ చేయడానికి ఆరు నెలల ముందే దిబ్బ వేస్తాను. ఒక వరుస గడ్డి, ఒక వరుస పేడ. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, పేడలో నత్రజని ఎక్కువ. నత్రజని ఒక పాలుకు కర్బనం 25–30 పాళ్ళు ఉంటే దిబ్బ బాగా పని చేస్తుంది. పిడికిలిలో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వేడెక్కినప్పుడల్లా తిరగేస్తాను. చల్లబడ్డాక ట్రైకోడెర్మా కలిపి, గోనె పట్టాలు కప్పి, తడి ఆరకుండా చూస్తాను. వేడి దిబ్బలో కలిపితే అది బతకదు.

పూసా డీకంపోజర్ లాంటివి వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొచ్చు. గడ్డి త్వరగా కుళ్ళుతుంది. కానీ కుళ్ళడం వేరు, మాగడం వేరు. అది వాడినా ఆవాల పరీక్ష చేయాల్సిందే.

నర్సరీ నుంచి వచ్చిన మొక్కలను వెంటనే నాటను. వారం రోజులు మా చింతచెట్టు నీడలో పెట్టుకుంటాను. నాటేటప్పుడు వేరు దగ్గర మైకోరైజా వేస్తాను. కొత్త ఆకు విప్పాక పలచగా జీవామృతం మొదలుపెడతాను. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మాత్రం టిష్యూ కల్చర్ మొక్కలు, ఈ మందులు తీసుకునే ముందు తమ సర్టిఫికేషన్ సంస్థను అడిగి తీసుకోండి.

రెండోసారి అదే నర్సరీలో 600 మొక్కలు తెచ్చాను. ముందుగా ఆయనకు క్షమాపణ చెప్పాను. ఈసారి పోయినవి 11 మాత్రమే. ఇప్పుడు దిబ్బ ఎత్తే ముందు ఆవాల పళ్ళెం మా అమ్మకు చూపిస్తాను. ఆమె పళ్ళెం వైపు చూడదు. దిబ్బలో చెయ్యి పెట్టి, "ఆ, ఇంక ఎత్తుకో" అంటుంది. ఇంతవరకూ ఆమె లెక్క, ఆవాల లెక్క ఒక్కసారి కూడా తేడా రాలేదు.

మీ దిబ్బకు ఈ పరీక్ష చేసి, మీకు ఎంత అంకె వచ్చిందో రాయండి. తక్కువ వస్తే దిగులు పడకండి. మొక్క నాటకముందే తెలిసింది కాబట్టి మీరు నాకంటే నయం.