మఱపురాని వార్త

లోకమును కదల్చిన దుర్వార్తను మన మెక్కడ వింటిమో, ఎవరు చెప్పిరో, ఏండ్లు గడచినను కన్నులకు గట్టినట్లుండును. అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులగు బ్రౌన్, కూలిక్ అనువారు 1977లో ఇట్టి జ్ఞాపకమును మెఱపుదీపపు వెలుగున తీసిన ఛాయాచిత్రముతో పోల్చిరి. పోలిక సొంపుగనే యున్నది. కాని చిత్రము మాఱదు, జ్ఞాపకమో?

1986 జనవరి 28వ తేదీన ఛాలెంజర్ అను వ్యోమనౌక యెగసిన 73 సెకనులకే భగ్నమై, అందలి యేడుగురును మరణించిరి. మఱునాటి యుదయముననే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనువారు, ఆ వార్త తమకెట్లు తెలిసెనో విద్యార్థులచే వ్రాయించి దాచిరి. రెండున్నర యేండ్లు దాటిన పిదప వారిలో 44 మందిని మరల నడిగి, పాత వ్రాతతో సరిచూచిరి. పూర్తిగ సరిపడినవి మూడే. పదునొకండుగురు ప్రధానాంశము లన్నిటను తప్పిరి. తోడివారి నోట వినినవారు సైతము, మొదట టెలివిజనులోనే చూచితిమని నిస్సంశయముగ పలికిరి. న్యాయస్థానమున నైనను ప్రమాణము చేసియుందురు! స్వహస్తలిఖితమును ముందుంచినను పాతజ్ఞాపకము మరలి రాలేదు. వారి దుఃఖము కల్లయని మేమనము. చెదరినది చోటును, వేళయు, చెప్పినవాని మొగమును.

నైసరునకును ఇట్టి జ్ఞాపక మొకటి కలదు. 1941 డిసెంబరు 7న జపానువారు పెరల్ హార్బరుపై దాడి చేసిననాడు, బాలుడగు తాను రేడియోలో బేస్‌బాల్ ఆట వినుచుండగా ఆ వార్త వచ్చెనని ఆయన చిరకాలము నమ్మెను. డిసెంబరులో అచ్చట ఆ యాటయే యుండదు. ఆనాడు ప్రసారమైనది ఫుట్‌బాల్ పోటీ. ఆడిన రెండు జట్లకును బేస్‌బాల్ జట్ల పేళ్లే యుండెను.