నైరుతి మూల నుంచి

తణుకు,
14 సెప్టెంబరు 2025

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీర్వదించి రాయునది. అమ్మమ్మ మోకాలు కాస్త నయం.

నువ్వు పంపిన పట్టిక మూడుసార్లు చదివాను. మీ స్కూల్లో చెప్పని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) సబ్జెక్టులు ఇంట్లో సొంతంగా చదివి మే నెలలో పరీక్ష రాస్తానన్నావు. సంతోషం. కానీ ఎందులో ఎక్కువమందికి పై స్కోరు 5 వస్తోందో వరసపెట్టి, పై నుంచి మూడు ఏరుకుంటానన్నావు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా మేలుకునే ఉంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పాక అసలే పట్టలేదు.

చైనీస్ నువ్వెలాగూ రాయవు, అయినా దాన్నే చూడు. సగం మంది దాకా 5 తెచ్చుకుంటున్నారు. ఎవరమ్మా వాళ్లు? చాలామంది ఇంట్లో ఆ భాష వింటూ పెరిగిన పిల్లలు. క్యాలిక్యులస్ బీసీలో నూటికి నలభై మందికి పైగా 5. లెక్కల్లో ముందే ఆరితేరినవాళ్లే అక్కడిదాకా వెళతారు. ఆ శాతం పరీక్ష సులువని చెప్పడం లేదు, రాసినవాళ్లెవరో చెబుతోంది.

నాకిది నేర్పింది పొలం. 1975 సార్వా పంటకి నాకు ఉద్యోగం కొత్త. పంట కోత ప్రయోగాలు చేసేవాళ్లం. ఏ పొలమన్నది మా ఇష్టం కాదు, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెప్పాలి. నైరుతి మూలన నిలబడి, పట్టిక చెప్పినన్ని అడుగులు పొడుగునా అడ్డంగా నడిచి, ఆగినచోట మేకు పాతాలి. అయిదు మీటర్ల చదరం కొలిచి, తాడు కట్టి, కోయించి, నూర్పించి, తూచాలి. ఆ రోజు నా అడుగులు పడిపోయిన చేలోకి తీసుకెళ్లాయి. మడమలు దిగబడే బురద, ఎలకలు కొట్టిన దుబ్బులు. "పాడైన చోటెందుకు బాబూ, ఇటు రండి, కంకి బాగుంది" అన్నాడు రైతు. పెద్దాయన మాట కాదనలేక మేకు పక్కకి జరిపాను. సాయంత్రం పై అధికారి వచ్చి, నా పుస్తకంలో అంకెలు చూసుకుంటూ మూల నుంచి తనే నడిచారు. ఆయన ఆగినచోట చేను కొయ్యకుండా అలాగే ఉంది. కోప్పడలేదు. నా చేతే మళ్లీ కోయించారు. తూకం సగానికి పడింది. "జిల్లా పంట లెక్క ఇలాంటి గళ్ల మీదే కడతారయ్యా" అన్నారు, అంతే.

యాభై ఏళ్లయింది. ఎవరే శాతం చెప్పినా ఇప్పటికీ నాకు ఆ మూల నుంచి నడవాలనిపిస్తుంది. ఇక్కడ గోడల నిండా కాలేజీల ర్యాంకుల ఫోటోలే. చేరినవాళ్లెందరో ఒక్క గోడ మీదా ఉండదు. ఆ గోడలు చూసి పొలం అమ్మి ఫీజు కట్టినవాళ్లను ఎరుగుదును. నిన్న అమ్మమ్మకి ఎవరో మోకాళ్ల నూనె తెచ్చారు. నూటికి తొంభై మందికి తగ్గిందట. తగ్గనివాళ్లను అడిగారా అని అడిగితే జవాబు లేదు.

వేళకి అన్నం తింటున్నావా? చిక్కిపోయావని ఫోటో చూసి అమ్మమ్మ బెంగ.

మూడొద్దు, ఒక్కటి రాయి. ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు పాత సంవత్సరాల పెద్ద ప్రశ్నలు, మార్కులు వేసే పద్ధతితో సహా ఊరికే ఇస్తుంది. ఒక శనివారం రెండు మూడు సబ్జెక్టులవి ముందు పెట్టుకో. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టకు. ఒకటి అవగానే దేంట్లో రెండోదానికి పేజీ తిప్పావో చూసుకో.

నా మనసులో స్టాటిస్టిక్స్ ఉంది, దాచను. నీకు ఆల్జీబ్రా 2 అయింది, అది చాలు. ప్రయోగశాల అక్కర్లేదు. పదకొండేళ్లప్పుడు సెలవులకి వచ్చి, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తే చాలని అమ్మమ్మ అంటే, "అడుగున మాడితే మెతుక్కి తెలుస్తుందా?" అన్నావు. గుర్తుందా? ఆ రాత్రి ఆ మాటే తలచుకుంటూ పడుకున్నాను. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ గారు బెంగాల్ జనపనార పొలాల్లో తలపట్టుకున్న ప్రశ్న అదే. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు గారు ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ గారి సంస్థలో చేరారు. 2023లో మీ అమెరికాలోనే, నూట రెండేళ్ల వయసులో పోయారు.

ఒక్క జాగ్రత్త. స్టాటిస్టిక్స్‌లో బిట్లు కంప్యూటర్ మీదైనా, పెద్ద ప్రశ్నలకు జవాబులు కాగితం మీద చేత్తో రాయాలి. అంకె తేల్చి వదిలేస్తే పూర్తి మార్కులు రావు. అది ఎవరి గురించి, ఏం చెబుతోందో వాక్యంలో రాయాలి. రోజుకి ఒక్క జవాబు రాసి ఫోటో తీసి పంపు, నేను దిద్దుతాను. నాకూ ఆ కాసేపు నువ్వు పక్కన ఉన్నట్టుంటుంది.

సోమవారమే మీ స్కూల్లో ఏపీ కోఆర్డినేటర్‌ని కలువు. నవంబరు నడిమికల్లా పేరు నమోదవ్వాలి. అక్కడ కుదరదంటే పక్క స్కూలు ఒప్పుకుంటుందేమో అమ్మ చేత అడిగించు. నువ్వు వేరే సబ్జెక్టే రాస్తానన్నా నాకు కోపం రాదు, కారణం మాత్రం రాయి. పదిన్నరకల్లా పడుకో తల్లీ.

అమ్మమ్మ కింద రెండు లైన్లు రాస్తానంటోంది, చోటు వదిలాను.

ఇట్లు,
తాతయ్య